మీకు తెలుసా? పచ్చిపులుసు నుంచి గంగవాయిలి దాకా

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఏ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నా నాలుక్కి మొదట తగిలేది పులుపు, ఆ వెనకే కారం. పచ్చిపులుసు, పుంటికూర పప్పు, చింతచిగురు, చల్లచారు, మామిడికాయ తొక్కు. షుగరో బీపీయో వచ్చిందని తెలియగానే మనవాళ్లు ముందు వీటన్నిటికీ దండం పెట్టి చప్పిడి కూడుకు సిద్ధపడతారు. రుచి ఉన్నదంతా రోగానికి దారి అన్న భయం మనలో అంతగా పాతుకుపోయింది. ఆ భయం చాలావరకు అనవసరం. మన వంటల్లో రుచి కోసం కలిపిన జతలు ఒంటికీ మేలు చేసేవే ఎక్కువ. వాటిలో కొన్నిటిని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే మనం ఎన్‌ఐఎన్ అనే సంస్థ, దశాబ్దాల తరబడి పరీక్షించి చూసింది. ఆ పరిశోధనలో ముఖ్యమైన భాగం మన ఉమ్మడి నల్గొండ జిల్లా కష్టం నుంచే, అంటే నీళ్లలోని ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరోసిస్ నుంచే పుట్టింది.

చింతపండు ఎముకల కోసం కూడా

మీకు తెలుసా? రోజూ తినే చింతపండు ఒంట్లోని ఫ్లోరైడ్‌ను బయటికి పంపడంలో సాయపడుతుంది. ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్త అర్జున్ ఖందారే బృందం ఈ సంగతిని 2002లో ప్రచురించింది. హైదరాబాద్‌లోని ఒక సంక్షేమ హాస్టల్లో ఉండే మగపిల్లలకు మధ్యాహ్నం అన్నంతో పాటు రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు చింతపండు పెట్టారు. మూత్రంలో పోయే ఫ్లోరైడ్‌ను కొలిచారు. చింతపండు లేని రోజుల్లో అది రోజుకు సగటున 3.5 మిల్లీగ్రాములు. చింతపండు తిన్న రోజుల్లో 4.8 మిల్లీగ్రాములు. ఇంకో మంచి సంగతి కూడా బయటపడింది. ఒంటికి కావలసిన మెగ్నీషియం, జింక్ మూత్రంలో వృథాగా పోవడం తగ్గింది. ఫ్లోరోసిస్ ముదరడాన్ని చింతపండు కొంత నెమ్మదింపజేయవచ్చని పరిశోధకులు రాశారు.

10 గ్రాములంటే చిన్న ఉసిరికాయంత. ఇంట్లో నలుగురికి పచ్చిపులుసు కలిపితే తలా అంత రావడం కష్టమేమీ కాదు.

ఆ పచ్చిపులుసులో మన ఆడవాళ్లు ఇంకోటి కూడా వేస్తారు, వేయించి దంచిన నువ్వుల పొడి. నూరు గ్రాముల నువ్వుల్లో వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే బరువు పాలలో ఉండేది సుమారు 120. కడుపులో కాల్షియం ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని కరగని రూపంలోకి మారుస్తుంది, దాంతో ఒంటికి ఎక్కే ఫ్లోరైడ్ తగ్గుతుంది. ఒకటి ఎక్కనివ్వదు, ఇంకొకటి ఎక్కినదాన్ని బయటికి పంపుతుంది. పులుసు మరిగించే పని కూడా లేని ఈ వంటకంలో రెండూ ఒకే గిన్నెలో కలిశాయి. కాల్చిన పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ముక్కలు, జీలకర్ర, కొత్తిమీర పడ్డాక ఆ రుచి చెప్పనక్కర్లేదు. నువ్వుల పొట్టులో ఆక్సలేటు ఉండి కాల్షియాన్ని కొంత పట్టి ఉంచుతుంది. నువ్వులను దోరగా వేయించి మెత్తగా దంచితే అరుగుదల బాగుంటుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. చింతపండు మందు కాదు. వంగిన ఎముకను అది నిలబెట్టలేదు. ముందు కావలసింది మంచి నీళ్లు, చింతపండు వాటికి తోడు మాత్రమే.

నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు

పోకపోగా పెరుగుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ మిగిలిన నీళ్లలోనే చిక్కబడుతుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. చాలా ఇళ్లలో తాగడానికి మంచినీళ్లు తెచ్చుకుని, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్లతో వండుతారు. బియ్యం ఉడికేటప్పుడు తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ అంతా మెతుకులోకే చేరుతుంది. పప్పులోకి, పులుసులోకి, చాయ్‌లోకి కూడా అంతే. తేయాకులో సహజంగానే ఫ్లోరైడ్ ఎక్కువ, దానికి బోరు నీళ్లు తోడైతే రెండింతల నష్టం. నల్లా నీళ్లు వచ్చే ఊళ్లలో వంటకు కూడా అవే వాడాలి. బోరు నీళ్లు బట్టలకూ గిన్నెలకూ చాలు.

నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని తయారు చేసింది. ప్రపంచమంతా దాన్ని ‘నల్గొండ టెక్నిక్’ అనే పిలుస్తుంది. ఆ పద్ధతి ఆఫ్రికాలోని టాంజానియా, కెన్యాల దాకా వెళ్లింది. మన జిల్లా పేరు ప్రపంచ విజ్ఞాన గ్రంథాల్లోకి ఎక్కింది ఈ బాధ వల్లే.

సాగర్ నీళ్లు వచ్చాక మారిన మోకాళ్లు

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు పచ్చబడ్డాయి. ఆ తర్వాత కొన్నేళ్లకు నల్గొండ జిల్లాలో ఒక కొత్త రకం వైకల్యం డాక్టర్ల కంట పడింది. పదేళ్లు దాటిన పిల్లల మోకాళ్లు ఒకదానికొకటి తగులుకునేలా లోపలికి వంగిపోతున్నాయి. ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో, ఇది ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతంలో కనిపిస్తోందని రాశారు. అప్పటిదాకా ఫ్లోరోసిస్ అంటే పచ్చబడ్డ పళ్లు, బిగుసుకుపోయిన వెన్ను అనే తెలుసు.

ఆ ఊళ్ల తిండిని కూడా ఆ సంస్థ పరిశీలించింది. అన్నం తినేవారికంటే జొన్న తినేవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తోందని 1977లో తేలింది. ఆ ప్రాంతపు జొన్నల్లో మాలిబ్డినం అనే ఖనిజం పాలు హెచ్చుగా ఉందని, అది ఒంట్లోని రాగిని దెబ్బతీస్తోందని, కాలువల వల్ల భూగర్భ జలం పైకొచ్చి నేల స్వభావం మారడం దీనికి కారణం కావచ్చని భావించారు. నీళ్లు, నేల, గింజ, ఎముక ఇలా ఒకదాని వెనక ఒకటి ముడిపడి ఉన్నాయన్నమాట.

ఇది చదివి జొన్నను దోషిని చేయకండి. ఆ రోజుల్లో పేదవాడి పళ్లెంలో జొన్నతో పాటు పాలు లేవు, పప్పు లేదు, ఆకుకూర అరుదు. తాగేది బావి నీళ్లు. కాల్షియం చాలని ఒంటి మీదే ఫ్లోరైడ్ అంత విరుచుకుపడింది. మంచి నీళ్లు తాగుతూ, పెరుగూ పప్పూ కలుపుకుని తినేవారికి జొన్న రొట్టె నిశ్చింతగా తినదగ్గ తిండి.

ఒట్టి రొట్టె తింటే వచ్చిన జబ్బు

మీకు తెలుసా? ఒకప్పుడు దక్కను పీఠభూమిలో జొన్న మాత్రమే తిని బతికిన పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోట, మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొరలు లేచేది. విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి చలించేది. నియాసిన్ అనే బి విటమిన్ కొరవడటం దీనికి మూలం. మొక్కజొన్న తినే దేశాల్లోనే ఈ జబ్బు ఉంటుందని ప్రపంచం అనుకుంటున్న కాలంలో, జొన్న తినేవారికీ వస్తోందని, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికి ఇందులో పాత్ర ఉందని సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్‌లో చూపారు. తర్వాతి పరిశోధనల్లో విటమిన్ బి6 సంగతీ వచ్చి చేరింది.

విరుగుడు ఏమిటంటే పప్పు, పల్లీలు, పాలు, గుడ్డు, కాస్త మాంసం. రొట్టె మీద పప్పు వేసుకోవడం, రొట్టెను పల్లీల తొక్కుతో నంజుకోవడం, పాలలో చిదుముకుని తినడం, ఇవన్నీ నాలుక్కి తోచి చేసిన పనులే. ఇప్పుడు బరువు తగ్గాలని రాత్రిపూట రెండు ఒట్టి రొట్టెలు నమిలి నీళ్లు తాగి పడుకునేవాళ్లను చూస్తే నాకు ఈ చరిత్రే గుర్తొస్తుంది. పక్కన గిన్నెడు పెసరపప్పు పెట్టుకోండి. 

మిర్యాలగూడ మిల్లుల్లో వదిలేస్తున్న విటమిన్

మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. సాగర్ ఆయకట్టు వడ్లు చాలా అక్కడికే చేరతాయి. ఆ మిల్లుల్లో రెండు రకాల బియ్యం తయారవుతాయి. ఒకటి మనం తినే పచ్చి బియ్యం. రెండోది వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి ఆడించే ఉప్పుడు బియ్యం, మిల్లు భాషలో బాయిల్డ్. ఈ రెండోది మనం ముట్టం, బయటి రాష్ట్రాలకు పంపిస్తాం.

వదులుకుంటున్నది ఏమిటో తెలుసా? వడ్లకు ఆవిరి పట్టినప్పుడు పైపొర తవుడులో ఉండే బి1 విటమిన్, అంటే థయమిన్, గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత ఎంత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. పచ్చి బియ్యంలో ఆ విటమిన్ పైనే ఉండి తవుడుతో పాటే పోతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అన్నం తినే జిల్లాలు దీని ఫలితం చూశాయి. పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తిన్న ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి చచ్చుబడటం, ఒళ్లు నీరు పట్టడం, గుండె బలహీనపడటం, పాలు తాగే పసికందులు హఠాత్తుగా చనిపోవడం దాని లక్షణాలు. అదే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలను ఆ జబ్బు పెద్దగా తాకలేదు.

ఈ బెరిబెరి గుట్టు విప్పడానికే 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే ఒక గదిలో చిన్న పరిశోధనశాల పెట్టారు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. మన ఎన్‌ఐఎన్ పుట్టుకకు కారణం ఒక బియ్యపు గింజ పైపొర అని తెలిస్తే, అన్నం కుండ వైపు చూసే చూపే మారుతుంది.

ఇప్పుడు బెరిబెరి దాదాపు లేదు. పప్పులు, కూరలు, పల్లీలు పెరిగాయి కాబట్టి. అయినా బియ్యాన్ని తెల్లగా నీళ్లు వచ్చేదాకా నాలుగైదు సార్లు పిసికి కడగడం, గంజి వార్చి పారబోయడం మానుకోవచ్చు. రెండు నీళ్లు చాలు. గంజి వార్చే అలవాటు ఉంటే ఉప్పు, మజ్జిగ, చిటికెడు జీలకర్ర వేసి తాగేయండి.

హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం

రేషన్ షాపుల్లో సన్నబియ్యం ఇచ్చే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాది రోజున, మార్చి 30న, సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్‌లో ప్రారంభించింది. మనిషికి నెలకు 6 కిలోలు. దొడ్డు బియ్యం అమ్ముకుని సన్నబియ్యం కొనుక్కునే బాధ పేదింటికి తప్పింది. తినాలనిపించే అన్నం పేదవాడికీ దక్కాలన్న ఆలోచన నాకు నచ్చింది.

సన్నాల్లోనూ తేడాలున్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన ‘తెలంగాణ సోనా’, రైతుల భాషలో ఆర్‌ఎన్‌ఆర్ 15048, సన్నగింజ వరి. దాని గ్లైసీమిక్ సూచిక 51, 52 దగ్గర ఉంటుందని తేలింది. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క, అంటే తిన్నాక రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మంచి కబురే కానీ, మూడుసార్లు మారు వడ్డించుకుంటే ఏ సూచికా కాపాడదు. పళ్లెంలో అన్నం తగ్గి, కూర, పప్పు పెరిగినప్పుడే ఆ రకం తన గుణం చూపిస్తుంది.

బతుకమ్మ సద్దులు

తొమ్మిది రోజుల బతుకమ్మలో ఆరో రోజు తప్ప ఒక్కో రోజుకు ఒక్కో నైవేద్యం. అటుకులు ఒక రోజు, ముద్దపప్పు ఒక రోజు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు తలో రోజు. చివరి రోజు సద్దులు: పెరుగు, చింతపండు పులుపు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు కలిపిన అన్నాలు. వాటితో పాటు పల్లీల పొడి, నువ్వుల పొడి, పెసర పొడి, మక్కల పిండితో సత్తు, బెల్లంతో చిదిమిన రొట్టె మలీద.

మీకు తెలుసా? బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది పుష్కలం. పప్పులో మెథియోనిన్ తక్కువ, నువ్వుల్లో అది బాగా ఉంటుంది. ఈ మూడూ ఒకే రోజు తిండిలో కలిస్తే శరీరానికి అందే మాంసకృత్తుల నాణ్యత పాలూ గుడ్లకు దగ్గరగా వస్తుంది. పూల తాంబాళం చుట్టూ ఆడి అలసిన ఆడపిల్లలు చెరువు గట్టున ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని తినే ఆ సత్తు ముద్దలో ప్రోటీన్, కాల్షియం, ఇనుము, మంచి కొవ్వు అన్నీ ఉన్నాయి. ఏడాదికి ఒక్క పండుగకే పరిమితం చేయకుండా, బడి నుంచి వచ్చిన పిల్లలకు సాయంత్రం పూట బిస్కెట్ బదులు పెట్టదగ్గ వస్తువు ఇది. వారానికి సరిపడా దంచి సీసాలో పెట్టుకుంటే నిలవ ఉంటుంది. చక్కెర కలపకండి, బెల్లం కూడా కొంచెమే.

పుంటికూర, ఇనుప మూకుడు, చాయ్

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి. ఈ రెండు అంకెలు చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఆకుకూరలకు కొదవలేని నేల మనది.

చిక్కు ఎక్కడుందంటే, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఒంటికి సులువుగా పట్టదు. దాన్ని పట్టించే తాళంచెవి విటమిన్ సి. తోటకూర పప్పు తిన్నాక చివర్లో నిమ్మరసం పిండుకున్నా, పక్కన పచ్చి ఉల్లిపాయ నంజుకున్నా, భోజనం తర్వాత ఒక జామకాయ తిన్నా ఇనుము ఎక్కువగా అందుతుంది. నిమ్మరసం మాత్రం పొయ్యి మీద గిన్నెలో పోయొద్దు, వేడికి ఆ విటమిన్ పోతుంది. దించాకే పిండాలి.

ఇనుప మూకుడులో వండిన పులుపు కూరకు ఇంకో లాభం. పులుపు మూకుడు నుంచి కొంత ఇనుమును కరిగించి కూరలో కలుపుతుంది. పుంటికూర, టమాట, చింతపండు పులుసు ఇనుప మూకుడులో ఉడికిస్తే రంగు కాస్త ముదురుతుంది, ఆ ముదురుతనంలోనే మేలుంది. నాన్‌స్టిక్ వచ్చాక ఆ మూకుడులు అటకెక్కాయి. దింపి, తోమి, నూనె రాసి మళ్లీ వాడుకోండి. వండాక కూరను మాత్రం వేరే గిన్నెలోకి తీయాలి, రాత్రంతా అందులోనే ఉంచితే చిలుము రుచి వస్తుంది.

ఇక మన ప్రాంతపు పెద్ద బలహీనత, అన్నం తిన్న వెంటనే చాయ్. హైదరాబాద్–విజయవాడ హైవే పక్కన సూర్యాపేట, కోదాడల దగ్గర భోజనం చేసి లేచిన ప్రతి ఒక్కరి చేతిలో చాయ్ గ్లాసు కనిపిస్తుంది. చాయ్‌లోని టానిన్లు తిండిలోని ఇనుమును పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ తాగొద్దని ఎన్‌ఐఎన్ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చెప్పాయి. చాయ్ మానమని ఎవరూ అనడం లేదు, ఆ గంట ఆగమంటున్నారు. గర్భిణులు, బాలింతలు, ఎదిగే ఆడపిల్లలు ఉన్న ఇళ్లలో ఈ ఒక్క నియమం పెట్టుకున్నా ఎంతో తేడా వస్తుంది.

గంగవాయిలి కూర

పొలం గట్ల మీద, మిరప తోటల్లో కలుపుగా పీకేసే ఈ పుల్లటి కూరలో ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఉంటుంది. చేపల్లో ఉండే రకం కాదు, దాని పూర్వరూపం. ఆకుకూరలన్నిటిలో ఇంత ఎక్కువగా ఉన్నది అరుదని అమెరికాలో ఆర్టెమిస్ సిమోపౌలోస్, నార్మన్ సేలెం 1986లో వైద్య పత్రికలో రాశారు. మనవాళ్లు కందిపప్పులో వేసి, వెల్లుల్లి తాలింపు పెట్టి ఎప్పటి నుంచో తింటున్నారు. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవాళ్లు మాత్రం దీన్ని తగ్గించుకోవాలి, ఆక్సలేట్లు ఎక్కువ. మందులు కొట్టిన చేలో పీకింది ఎవరూ తినొద్దు.

తాలింపులో రెండు చెంచాల నూనె

కరివేపాకు, మునగాకు, తోటకూరల్లో ఉండే బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్ ఎ గా మారుతుంది. అది నూనెలో కరిగే పదార్థం, కొవ్వు తోడు లేకపోతే ఒంటికి సరిగా ఎక్కదు. నూనె చుక్క లేకుండా ఉడకబెట్టిన ఆకుకూర తినేవాళ్లు రుచితో పాటు విటమిన్‌నూ పోగొట్టుకుంటున్నారు. తాలింపు అందుకే కావాలి. నూనె కొంచెమే ఉండాలి, కానీ ఉండాలి.

విటమిన్ ఎ లోపంతో పిల్లల చూపు పోతున్న కాలంలో, నిర్ణీత కాలానికోసారి ఆ విటమిన్‌ను పెద్ద మోతాదులో నోట్లో పోస్తే అడ్డుకోవచ్చని ఎన్‌ఐఎన్ చూపింది. 1970లో అది జాతీయ కార్యక్రమం అయింది. ఆ చుక్కలు ప్రాణాధారమే. అయితే వారానికి మూడు నాలుగు రోజులు పిల్లల ముద్దలో ఆకుకూర కలిస్తే ఆ లోపం దాకా వెళ్లే పరిస్థితే రాదు. పళ్లెం అంచున ఏరి పెట్టే కరివేపాకును నీడన ఆరబెట్టి, మినపప్పు, ఎండుమిర్చి, చింతపండుతో కారప్పొడి కొడితే వేడి అన్నంలో ఏ పిల్లాడూ కాదనడు.

స్ప్రూ నుంచి ఫోలిక్ ఆమ్లం దాకా

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులను ఉష్ణదేశపు స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్నారు. ఆ జబ్బు ఆయనకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికారు. ఎన్నో ఏళ్ల తర్వాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూకు అది మందుగా పనిచేసింది. అంతకుముందే లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్‌లో దానికి విరుగుడు ఉందని 1931లో చెప్పారు. ఆ విరుగుడు ఫోలిక్ ఆమ్లం అనే ఈ విటమినేనని తర్వాత తేలింది. ఆవిడ మన కూనూరు పరిశోధనశాలలోనూ కొంతకాలం పనిచేశారు.

ఈ రోజు గర్భిణులకు ఆసుపత్రిలో ఇచ్చే ఫోలిక్ మాత్ర వెనక ఉన్న కథ ఇది. ఆకుకూరలు, పెసలు, శనగలు, బొబ్బెర్లలో ఆ విటమిన్ ఉంది. నీళ్లలో కరుగుతుంది, ఎక్కువసేపు ఉడికితే పోతుంది. కాబట్టి ఆకుకూరను ముందు కడిగి తర్వాత తరగాలి, కొద్ది నీళ్లతో మూత పెట్టి త్వరగా దించాలి, ఉడికిన నీళ్లు పారబోయకూడదు. మాత్ర మాత్రం ఆపొద్దు. కూర దానికి బదులు కాదు.

పసుపు, మెంతులు

పొగ తాగే 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాము పసుపు 30 రోజులు ఇచ్చి చూస్తే, కణాల జన్యువులను పాడుచేసే పదార్థాలు వాళ్ల మూత్రంలో తగ్గాయి. 1992లో ఎన్‌ఐఎన్ ప్రచురించిన ఫలితం ఇది. పసుపు తింటున్నాం కదా అని బీడీ ముట్టించేవారికి ఇది అనుమతి కాదు. మెంతుల మీద కూడా అక్కడే ఆర్.డి.శర్మ బృందం ఎన్నో ఏళ్లు పనిచేసింది. రోజుకు 25 గ్రాముల మెంతులు షుగర్ రోగుల రక్తంలో చక్కెరను తగ్గించాయి. రాత్రి నానబెట్టి పొద్దున మజ్జిగలో రుబ్బి తాగడం సులువు. మందులు వాడేవారు డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాలి, చక్కెర మరీ పడిపోకుండా.

పచ్చళ్ల దగ్గర ఆగి ఆలోచించాలి

కోదాడ దాటితే ఆంధ్ర సరిహద్దు. అటు ఆవకాయ, ఉలవచారు, ఇటు తొక్కులు, సకినాలు, పచ్చిపులుసు. రెండు వైపుల రుచీ ఈ ఊళ్ల వంటిళ్లలో కలిసింది, దాంతో ఉప్పు కూడా రెండు వైపుల నుంచీ వచ్చి చేరింది. రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక్క చిన్న చెంచా, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూరల్లో ఉప్పు, పచ్చడిలో ఉప్పు, అప్పడంలో ఉప్పు, మజ్జిగలో ఉప్పు కలిపితే ఆ చెంచా మధ్యాహ్నానికే అయిపోతుంది.

ఇక్కడే పులుపు మళ్లీ ఆదుకుంటుంది. నాలుక మీద పులుపు, కారం, వేయించిన జీలకర్ర వాసన గట్టిగా ఉంటే ఉప్పు తగ్గినట్టే తెలియదు. బీపీ ఉన్న పెద్దాయనకు చప్పిడి పప్పు పెట్టి ఆయన్ని నొప్పించేకన్నా, సగం ఉప్పుతో పప్పుచారు పెట్టి, మామిడికాయ ముక్క, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు దండిగా వేయండి. నిలవ పచ్చడి బదులు పూటకు సరిపడా రోట్లో నూరిన టమాట తొక్కో, దోసకాయ తొక్కో చేయండి. అందులో ఉప్పు మీ చేతిలో ఉంటుంది, నూనె కూడా.

అంగన్‌వాడీ గిన్నె

2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద తెలంగాణ అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు మధ్యాహ్నం ఒక పూట నిండు భోజనం పెడతారు. అన్నం, ఆకుకూరతో పప్పు, కూరగాయల సాంబారు, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెరతో చేసిన పిండి అది. చాలా ఇళ్లలో ఆ పొట్లం పెద్దవాళ్ల పాలలోకో, బర్రెల దాణాలోకో పోతోందని విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది. పిల్లలు తినడం లేదన్నది తల్లులు చెప్పే కారణం. వేడి నీళ్లలో ఉండలు కట్టకుండా కలిపి, చెంచాడు నెయ్యి వేసి, పండిన అరటిపండు మెదిపి పెట్టి చూడండి. కాస్త పెద్ద పిల్లలకైతే ఆ పిండిలోనే నువ్వుల పొడి కలిపి చిన్న లడ్డూలు చుట్టండి, పెనం మీద నెయ్యి రాసి చిన్న రొట్టెలు కాల్చండి. అంగన్‌వాడీ టీచరమ్మను అడిగితే ఇంకా రెండు మూడు రకాలు చేసి చూపిస్తుంది.